దుకాణం నంబరుకు వచ్చిన సమన్లు

ఈ ప్రయాణం ఎవరూ సరదాకు చేసేది కాదు. చూడదగ్గ ప్రదేశాలేమైనా చెబుతానేమోనని చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు మా తెనాలి వాళ్ళు వెళ్ళారంటే ఏ శ్రీశైలమో పోతూ దారిలో టీ తాగడానికే. నేను ఒక కోర్టు కేసు చూడ్డానికి వెళ్ళాను. పోనీ నా కేసా అంటే అదీ కాదు. పరాయివాళ్ళ తగవు కోసం ఈ వయసులో బస్సులెక్కడమేమిటని మా ఆయన రెండు రోజులు సణిగాడు.

సంగతేమిటంటే, నాది తర్జుమా పని. ఇంగ్లీషులో ఉన్న చట్టాల్ని, నిబంధనల్ని మామూలు మనుషులకు అర్థమయ్యే తెలుగులో రాసిపెడతాను. సివిల్ కోర్టుల్లో టెక్నాలజీ వాడకం గురించి మన రాష్ట్రంలో వచ్చిన కొత్త నిబంధనల్ని పుస్తకంగా వేస్తున్నాం, తెలుగు చెయ్యమని ప్రచురణకర్తలు అడిగారు. దావా కాగితాలు కంప్యూటర్లో వెయ్యొచ్చు. సాక్ష్యం వీడియోలో చెప్పొచ్చు. సమన్లు ఫోనుకు పంపొచ్చు. పంపిన సమన్లు తెరిచినట్టు నీలం టిక్కులు పడితే అవి అందినట్టే లెక్క. ఈ చివరి మాటను ఎంత తేలిక తెలుగులో చెప్పానో అని నాలో నేను మురిసిపోయాను కూడా.

అప్పుడు గిద్దలూరు నుంచి సుభాషిణి ఫోన్ చేసింది. కుర్ర లాయరు. ఒక శిక్షణ తరగతిలో పరిచయమై, అప్పట్నుంచీ నన్ను అక్కా అని పిలుస్తుంది.

"అక్కా, నువ్వు తెలుగు చేసిన ఆ నీలం టిక్కుల వాక్యం ఉంది చూడు, అది ఇక్కడ ఒకామె చేను మింగేసేటట్టుంది. ఒకసారి వచ్చి చూసిపో" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ నిబంధన నేను పెట్టానా? పెట్టినదాన్ని తెలుగులో చెప్పాను, అంతే కదా! ఫోన్ పెట్టేసి కాసేపు గిన్నెలు ఎత్తి కుదేస్తూ తిరిగాను. తర్వాత బ్యాగు సర్దుకున్నాను.

మార్కాపురం

మార్కాపురం అంటే మా తరానికి బడి పలకలు. ఆ ఫ్యాక్టరీలు ఇప్పుడు చాలావరకు మూతపడ్డాయి. ఊరి బయట రాతిముక్కల గుట్టలు మాత్రం మిగిలాయి. పేరుకు కార్తీకమాసమే గాని, బస్సు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది.

బస్టాండుకు దగ్గర్లో ఒకావిడ ఇంటి వరండాలోనే బల్లలేసి భోజనం పెడుతుంటే అక్కడికి వెళ్ళాను. గడప పక్కన నీళ్ళబిందె కనిపించింది. మా వైపు బయటినుంచి వస్తే కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్తాం కదా, చెంబు ముంచి రెండు కాళ్ళమీదా గుమ్మరించుకున్నాను. లోపల్నుంచి కేక వినిపించింది.

"ఓయమ్మో, ఏం పని చేసినావమ్మా! అవి తాగే నీళ్ళు! క్యాను ఇరవై రూపాయలు పెట్టి కొన్నవి!"

సిగ్గుతో చచ్చిపోయాను. కాలవ గట్టున పుట్టినదాన్ని, నీళ్ళు కొన్నవా మామూలువా అని చూసి ముంచడం నాకెప్పుడు అలవాటు? డబ్బులిస్తానన్నా ఆవిడ తీసుకోలేదు. "డెల్టా దానివి, నీకేం తెలుస్తది పో" అని నవ్వేసి జొన్నరొట్టె, గోంగూర పప్పు పెట్టింది. ఇక్కడ బోర్లలో ఫ్లోరైడు. ఆవిడ అత్తగారు మూలన కూర్చుని ఉంది. మోకాళ్ళు వంకర్లు పోయి, గోడ పట్టుకుని లేవడానికి అవస్థ పడుతోంది. "మా అత్తకు అరవై కూడా రాలేదు" అంది ఆవిడ, కూర వడ్డిస్తూ.

కంభం దారిలో

గిద్దలూరు బస్సులో నా పక్కన ఒక నడివయసామె కూర్చుంది. ఒళ్ళో దుప్పటి మూట, కాళ్ళ దగ్గర సత్తు గిన్నెల సంచీ. గుంటూరు వైపు పత్తి తీతలకు పోయి, జ్వరమొచ్చి మధ్యలోనే తిరిగొస్తోందట. ఒక్కర్తే వణికిపోతూ కూర్చుంటే నా దగ్గరున్న మాత్ర ఇచ్చాను. దాంతో ఆమెకు నేను చెల్లెల్నైపోయాను.

"ఇంటికి ఫోన్ చేసి చెప్పావా, వస్తున్నానని?" అని అడిగాను.

"ఫోనేడిది చెల్లే? ఉన్నిందిలే. రీచార్జి ఎయ్యక నంబరే పోయింది. మళ్ళీ కొత్తది తీసుకున్నా, అదీ పోయింది."

"మరి రేషనుకూ పింఛనుకూ నంబరు కావాలి కదా?"

"మా ఊళ్ళో అందరికీ పిండిమిల్లు ఆయన నంబరే. ఆయన యాడికీ పోడు గదా" అంది. ఇందులో అడగాల్సిందేముంది అన్నట్టు నా మొహం చూసింది.

మా తెనాలిలో నంబరంటే మనిషి. ఎవరిది వాళ్ళకే. ఇక్కడ నంబరంటే ఊళ్ళో కదలకుండా ఉండే ఒక చోటు. వర్షం లేక సగం ఊరు ఏడాదిలో సగం రోజులు పరాయి జిల్లాల్లో కూలికి ఉంటే, వలస పోనివాడి నంబరే అందరి నంబరవుతుంది. ఈ ముక్క నా తర్జుమాలో ఎక్కడా రాలేదు. అసలు ఇంగ్లీషులోనూ లేదు.

గిద్దలూరు

సుభాషిణి పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించింది. మనం అటుకుల్ని పోపు పెట్టుకుంటామే, వీళ్ళు మరమరాల్ని నానబెట్టి అలా చేస్తారు. రుచిగా ఉంది. బజ్జీకి మాత్రం కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. నేను ముక్కు తుడుచుకుంటుంటే ఆమె కేసు చెప్పింది.

ఓబులమ్మ అనే ఆమెకు మొగుడు పోయాక మిగిలింది కొంచెం మెట్టచేను. మొగుడు బతికుండగా ఆ చేను నాకు అమ్ముతానని అగ్రిమెంటు రాశాడు అంటూ ఒకాయన దావా వేశాడు. ఆ సంతకం మా ఆయనది కానే కాదని ఓబులమ్మ అంటుంది. ఎవరిది నిజమో కోర్టు తేల్చాలి. తేల్చాలంటే ఆమె కోర్టుకు రావాలి కదా? రాలేదు. సమన్లు ఆమె పాస్‌బుక్కులో ఉన్న నంబరుకు పోయాయి. టిక్కులు నీలం అయ్యాయి. కోర్టు పిలిచింది, చూసింది, ఆమె రాలేదు గనక అవతలాయన వైపే డిక్రీ ఇచ్చేసింది. చేలో హద్దురాళ్ళు పాతడానికి మనుషులు దిగితే గాని ఓబులమ్మకు దావా ఉన్నట్టే తెలియదు.

"ఆ నంబరు ఆమెది కాదక్కా. ఊళ్ళో చిల్లర దుకాణం పెట్టుకున్న కాసిం అనే ఆయనది" అంది సుభాషిణి. "ఆ డిక్రీ కొట్టేసి కేసు మళ్ళీ మొదటినుంచి వినమని పిటిషను వేసినా. రేపు కాసిం సాక్ష్యం. మెసేజి నా ఫోనుకొచ్చింది, ఆమెకు నేను చెప్పలేదు అని ఒక్క మాట చెబితే చాలు. నమ్మితే చేను నిలబడతది. నమ్మకపోతే పోయినట్టే."

కాసిం దుకాణం

ఆ ఊరి పేరు చెప్పను. నల్లమల కనిపించేంత దగ్గర, అడవి నీడ మాత్రం ఊరిదాకా రాదు. సాయంత్రం సుభాషిణితో కలిసి దుకాణం దగ్గరికి వెళ్ళేసరికి ముందు అరుగుమీద జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళేమీ కొనడానికి రాలేదు. రోజూ ఆ వేళకు కాసిం ఫోన్ తీసి ఆ రోజు వచ్చిన మెసేజులు పేరుపేరునా చదువుతాడట.

"నారాయణ మామా, నీకు గ్యాసు బుక్కయింది. పుల్లక్కా, నీ మనవరాలికి టీకా ఎల్లుండి. పెద్ద దస్తగిరీ, నీకేం రాలేదు పో."

"రోజూ ఏం రాలేదంటావు, ఆ ఫోను నామీద పగబట్టింది" అని దస్తగిరి అంటే అందరూ నవ్వారు. కాసిం నలభై ఏళ్ళ మనిషి, బక్కగా, తలమీద టోపీ, చెవిలో పెన్ను. లోపల్నుంచి భార్య ఏదో అడిగితే వాళ్ళ ఉర్దూలో జవాబిచ్చి, మళ్ళీ తెలుగులో చదవడం అందుకున్నాడు. తన నంబరు రాయించుకోమని అతను ఎవరినీ అడగలేదు. అందరూ వాళ్ళంతట వాళ్ళే రాయించుకున్నారు.

నేను మాత్రం కొట్లాటకు సిద్ధంగా వెళ్ళాను. జనం లేచాక అడిగేశాను.

"ఇన్ని చదివినవాడివి ఆ ఒక్కటి ఎందుకు చెప్పలేదయ్యా?"

అతను తల దించుకున్నాడు. "ఏదో కొత్త నంబరునుంచి వచ్చిందమ్మా. తెరిస్తే అంతా ఇంగ్లీషు, పైన కోర్టు బొమ్మ. అంతకు వారం ముందే పోలీసోళ్ళు వచ్చి చెప్పిపోయినారు, కోర్టు నోటీసులని దొంగ మెసేజులు వస్తాండాయి, ముట్టుకుంటే బ్యాంకులో దుడ్లు పోతాయని. ఊరందరి బ్యాంకులూ ఈ ఫోన్లోనే ఉండాయి గదా. భయమేసింది. తీసేసినా. ఓబులమ్మత్త అప్పుడు మిరపకోతలకు పోయింది. వచ్చినాక చెబుదామన్నా, అది దొంగదే కదా అనుకున్నా."

పోలీసులు చెప్పింది నిజం. కోర్టు పంపింది నిజం. మధ్యలో ఇతను. ఎవరిని తిట్టాలో తెలియక నా కోపం నాకే మిగిలిపోయింది.

అప్పుడే ఓబులమ్మ కొడవలి భుజాన వేసుకుని వచ్చింది. ఎండిన మనిషి, గొంతు మాత్రం గట్టిది. "ఏంది అల్లుడూ, రేపు కోర్టుకు ఆ టోపీతోనే వస్తావా, ఇంకోటి మంచిది లేదా?" అంది. కాసిం నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆ రాత్రి ఆమె ఇంట్లోనే సంగటి, పల్లీల పచ్చడి తిన్నాం. కాసిం మీద కోపం లేదా అని అడిగాను.

"కోపమెందుకు లేదు? శానా ఉంది. కానీ మా ఆయన పోయినప్పుడు బీమా మెసేజి చదివి నన్ను ఒంగోలుకు తీస్కపోయింది వాడే గదమ్మా. వాణ్ణి ఇడిచిపెట్టి యాడికి పోవాల?" అంది, ఇంకో ముద్ద వేస్తూ.

కోర్టు

అది ఏ ఊరి కోర్టో కూడా చెప్పను. అక్కడ జడ్జి కుర్చీ ఖాళీగా ఉంది, వేరే ఊళ్ళో కూర్చున్న జడ్జిగారు వీడియోలో విచారిస్తున్నారు. నిజం చెప్పాలంటే నేను వెళ్ళిందే తప్పులు పట్టడానికి. తెర ఆగిపోతుంది, మాట తెగిపోతుంది, కరెంటు పోతుంది, చక్కగా రాసుకోవచ్చు అనుకున్నాను. ఒక్కటీ జరగలేదు. బొమ్మ అద్దంలా ఉంది. సాక్షి తెలుగులో మాట్లాడుతుంటే ఆ మాటలు ఇంకో తెరమీద అక్షరాలై వెంటవెంటనే పడుతున్నాయి. నోరు వెళ్ళబెట్టి చూశాను.

ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చి వెనక బెంచీలమీద కూర్చున్నారు. అది పొరపాటైంది. అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

కాసిం ముందు బాగానే చెప్పాడు. మెసేజి వచ్చింది, దొంగదనుకుని తీసేశాను, ఓబులమ్మకు చెప్పలేదు. తర్వాత అవతలి లాయరు లేచాడు. పెద్దమనిషి. గొంతు పెంచలేదు, అన్నా అనే పిలిచాడు.

"కాసిం అన్నా, ఊరందరి మెసేజులూ నీకే వస్తాయి గదా?"

"వస్తాయి సార్."

"ఓబులమ్మ తనంతట తానే నీ నంబరు రాయించుకుంది గదా?"

"అవును సార్."

"మరి జనం నిన్ను నమ్మి నంబరు ఇస్తే, నువ్వు నీకిష్టమైనవి చెప్పి ఇష్టంలేనివి దాచిపెడతావన్నమాట. ఎవరి బీమా దాచినావో, ఎవరి పింఛను దాచినావో ఈ ఊరికి ఏం తెలుసు?"

కాసిం మొహం నల్లబడిపోయింది. వెనక్కి తిరిగి బెంచీలవైపు చూశాడు. నారాయణ మామ, పుల్లక్క, దస్తగిరి, అందరూ అతన్నే చూస్తున్నారు. సుభాషిణి చెయ్యెత్తి ఆగమని సైగ చేస్తూనే ఉంది. అతను చూస్తే కదా!

"ఏంది సార్ ఆ మాట! నేను ఎవరిదీ దాచలేదు. ఈ ఫోనుకు మెసేజి వచ్చిందంటే ఆ పొద్దు మునిగేలోపల ఆ మనిషికి చెప్పాల్సిందే. ఇన్నేళ్ళల్లో ఒక్కటి తప్పిపోలేదు. మా ఊరోళ్ళు ఈడే ఉండారు, అడుగు!"

మాట మాటా తెరమీద అక్షరాలై పడింది. లాయరు దాన్నొకసారి చూసుకుని కూర్చున్నాడు. "ఇంకేమీ అడగను" అన్నాడు.

తను ఏమనేశాడో అతనికి తెలియలేదు పాపం, ఇంకా రొమ్ము విరుచుకుని నిలబడే ఉన్నాడు. సుభాషిణి లేచి మళ్ళీ అడిగింది, ఈ సమన్లు మాత్రం చెప్పలేదు కదా అని. అప్పుడు వెలిగింది. "ఇదొక్కటి... ఇదొక్కటే చెప్పలేదమ్మా" అని నీరుగారిపోయాడు. అదీ తెరమీద పడింది, ముందుదాని కిందే.

పాత పద్ధతిలో జడ్జి విని, తన మాటల్లో చెప్పి రాయించేవారు. ఇలాంటి చోట ఆగి, నీ ఉద్దేశం ఏమిటయ్యా అని అడిగేవారూ ఉండేవారట. యంత్రానికి ఉద్దేశంతో పనేముంది? జడ్జిగారు చేసింది తప్పని నేననను. ఆయన ముందున్నది అక్షరాలే. భోజనాల తర్వాత ఇంగ్లీషులో ఉత్తర్వు చెప్పారు. వచ్చిన ప్రతి మెసేజీ అదే రోజు చెబుతానని సాక్షే అన్నాడు గనక, సమన్ల సంగతి ఓబులమ్మకు తెలిసినట్టే భావించాలి, పిటిషను కొట్టివేశాం. అంతే.

ఓబులమ్మకు ఇంగ్లీషు రాదు. "ఏమన్నాడు?" అని నన్ను అడిగింది. తర్జుమా నా పని. నా జీవితంలో అంత కష్టమైన తర్జుమా ఇంకోటి చెయ్యలేదు.

వేపచెట్టు కింద

బయట కాసిం ఆమె కాళ్ళమీద పడబోయాడు. ఆమె పట్టుకుని ఆపింది. "నా పరువు తీస్తాంటే ఓర్చుకోలేకపోయినా అత్తా, నోరు జారింది" అని ఏడ్చాడు. నలుగురిలో అంత పెద్ద మగమనిషి అలా ఏడవడం నేను చూడలేదు.

"పరువు నిలబెట్టుకున్నావులే" అంది ఓబులమ్మ. ఎత్తిపొడుపు లేదు, ఓదార్పూ లేదు. కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది. "అప్పీలు ఏస్తే దానికి నీ నంబరు రాపిచ్చుకోనా అమ్మా? నువ్వు ఇంగ్లీషు చదివినదానివి గదా" అంది.

కాసిం పక్కనే నిలబడి విన్నాడు. నాకు భయమేసింది, దాచుకోవడమెందుకు. ఆ నంబరు ఇస్తే ఏం మోయాలో మూడు రోజులుగా కళ్ళారా చూస్తున్నాను. అయినా ఇచ్చాను. సుభాషిణి రాసుకుంది.

ఆ సాయంత్రం ఊళ్ళోకి తిరిగొచ్చేసరికి దుకాణం తెరిచే ఉంది. అరుగుమీద ఎవరూ లేరు. పుల్లక్క వచ్చి ఉప్పు ప్యాకెట్టు కొనుక్కుని, మెసేజి వచ్చిందా అని అడక్కుండానే వెళ్ళిపోయింది. బస్సెక్కేముందు కాసిం నంబరు నా ఫోన్లో వేసుకున్నాను, ఎందుకైనా మంచిదని.

తెనాలి

ఇంటికొచ్చాక పుస్తకం వేసేవాళ్ళకు ఫోన్ చేశాను. ఆ నీలం టిక్కుల వాక్యం పక్కన, చదివిందెవరో కూడా చూడాలి అని ఒక మాట చేర్చుకుందామా అన్నాను. అసల్లో లేనిది తర్జుమాలో ఎలా వస్తుందన్నారు. నిజమే. నేను పది మందికి చెప్పే మాటే అది. పుస్తకం అచ్చయింది, బాగుందని కూడా అన్నారు. నా ప్రతిని ఇంతవరకు తెరవలేదు.

సంక్రాంతి దాటాక ఒక శుక్రవారం మధ్యాహ్నం నా ఫోనుకు మెసేజి వచ్చింది. చేతులు తుడుచుకుని, అక్షరం వదలకుండా చదివాను. అప్పీలులో స్టే ఇవ్వలేదు. సోమవారం కోర్టు అమీను వచ్చి చేను అవతలాయనకు స్వాధీనం చేస్తాడు.

సుభాషిణికి చేస్తే ఫోన్ కట్టేసి ఉంది, కోర్టు వేళ. ఓబులమ్మకు ఫోను లేదు. ఆ ఊళ్ళో నా దగ్గరున్న నంబరు ఒక్కటే.

రెండో రింగుకే ఎత్తాడు. సంగతి చెప్పాను. "కట్ చెయ్యొద్దమ్మా. అత్త చేలో ఉంది, నేనే పోతాండా" అన్నాడు. దుకాణం మూసిన చప్పుడు కూడా వినిపించలేదు. చెప్పుల చప్పుడు, అతని ఆయాసం, ఎవరో ఏందిరా అట్ల ఉరుకుతాండావు అని అడగడం, కుక్క మొరగడం, అన్నీ విన్నాను. తర్వాత అతను చెప్పడం విన్నాను. ఒక్క ముక్క మార్చలేదు, తగ్గించలేదు.

చాలాసేపటికి ఓబులమ్మ గొంతు దూరంగా వినిపించింది.

"కంది కోతకొచ్చింది గదా. కోసుకున్నాక వస్తారేమో, ఆ మేడమ్మను అడుగు అల్లుడూ."

కాసిం అడిగాడు. నేను ఫోన్ చెవిదగ్గర్నుంచి తీసి మెసేజి మళ్ళీ మొదటినుంచీ చదివాను. అందులో కంది సంగతి లేదు.